ఆదివారం ఎవరిది? అమెరికా, కరీబియన్ బానిసల పనిగంటలూ సెలవులూ

మా అమ్మను పగటి వెలుగులో చూసిన గుర్తే లేదని, అమెరికాలో బానిసగా పుట్టి పారిపోయి స్వేచ్ఛ పొందిన ఫ్రెడెరిక్ డగ్లస్ రాసుకున్నాడు. మేరీలాండ్‌లో చంటిపిల్లాడిగా ఉండగానే అతణ్ణి తల్లి నుంచి విడదీశారు. ఆమెను పన్నెండు మైళ్ళ అవతల ఇంకో ఆసామి పొలంలో పనికి పెట్టారు. పగలంతా పని చేసి, చీకటి పడ్డాక ఆ పన్నెండు మైళ్ళూ నడిచి వచ్చేది. బిడ్డ పక్కన పడుకుని నిద్రపుచ్చేది. వాడు కళ్ళు తెరిచేసరికి ఉండేది కాదు. పొద్దు పొడిచేసరికి పొలంలో లేకపోతే కొరడా దెబ్బలు తప్పవు. బతికున్నన్నాళ్ళలో ఆమెను నాలుగైదుసార్లకు మించి చూడలేదంటాడు డగ్లస్.

బానిసత్వం అనగానే సంకెళ్ళు, కొరడా, వేలంపాట గుర్తొస్తాయి. పనిగంటల సంగతి అంత త్వరగా తట్టదు. తట్టినప్పుడు మాత్రం ఒక ప్రశ్న వెంట తెచ్చుకుంటుంది: "వాళ్ళకీ ఆదివారం సెలవుండేదటగా? క్రిస్మస్‌కి నాలుగైదు రోజులు పని ఉండేది కాదటగా?" నిజమే, ఉండేది. చట్టాల్లోనూ రాసుకున్నారు. అయితే ఆ సెలవు రోజు పొయ్యి మీదికి గింజలు ఎక్కణ్ణుంచి వచ్చేవి, ఆ రోజు కూడా పనికి పిలిస్తే కాదనగలిగే వీలుండేదా అని ఇంకో రెండు ప్రశ్నలు వేసుకుంటే గానీ ఆ "సెలవు" అన్నమాటకి లోతు తెలియదు.

ముందు పని రోజు ఎలా ఉండేదో చూడాలి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, కరీబియన్ దీవుల్లో పని చేయించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి ముఠా పద్ధతి. పత్తి, చెరకు, పొగాకు తోటల్లో ఇదే. పొద్దు పొడవక ముందు నుంచి పొద్దుగూకేదాకా అందరూ ఒకే వరసలో, ఒకే వేగంతో పని చేయాలి. వెనకాల కొరడా పట్టుకుని ముఠా మేస్త్రీ ఉంటాడు. చాలాచోట్ల ఆ మేస్త్రీ కూడా బానిసే. రెండోది మన గుత్త పని లాంటిది. సౌత్ కరోలినా, జార్జియా తీరాల్లోని వరి పొలాల్లో ఇది నడిచేది. రోజుకింత అని పని కొలిచి ఇస్తారు. అది అయిపోతే మిగిలిన పొద్దు వాళ్ళది.

ముఠా పద్ధతిలో రోజు ఎలా గడిచేదో సాలమన్ నార్తప్ రాసినంత విపులంగా రాసినవాళ్ళు తక్కువ. అతను న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన స్వతంత్రుడు. 1841లో వాషింగ్టన్‌లో అతణ్ణి అపహరించి లూసియానాకు అమ్మేశారు. 1853 జనవరిలో గానీ విడుదల కాలేదు. తెల్లవారడానికి గంట ముందే బూర ఊదేవారంటాడు. పత్తి తీత రోజుల్లో మధ్యాహ్నం పది పదిహేను నిమిషాలు ఆపి, చల్లారిపోయిన పంది మాంసం ముక్క మింగనిచ్చేవారు. తర్వాత చూపు ఆనేంతవరకూ ఏరాల్సిందే. నిండు వెన్నెల ఉంటే సగం రాత్రిదాకా పని సాగేది.

ఆ తర్వాత కాటా. పత్తి ఏరిన చేతులకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. మామూలు మనిషికి రోజుకి 200 పౌండ్లు లెక్క, అంటే 90 కిలోలు. తూకం తగ్గితే దెబ్బలు. పది ఇరవై పౌండ్లు పెరిగితే మర్నాటి నుంచి ఆ పెరిగిందే కొత్త లెక్క. తక్కువైనా భయమే, ఎక్కువైనా భయమే. ఎంత అలిసిపోయినా సరే, బుట్టతో జిన్ కొట్టం (పత్తి నుంచి గింజలు వేరు చేసే చోటు) వైపు నడిచే ప్రతి బానిసకూ కాళ్ళు వణికేవని నార్తప్ అంటాడు. తూకం అయ్యాక కూడా రోజు ముగిసినట్టు కాదు. కంచరగాడిదలకు మేత వేయాలి, పందులకు కుడితి పోయాలి, కట్టెలు కొట్టాలి. ఆనక గుడిసెకు చేరి నిప్పు రాజేసి, చిన్న తిరగట్లో మొక్కజొన్న విసురుకుని, రాత్రికీ మర్నాడు మధ్యాహ్నానికీ రొట్టె చేసుకోవాలి. నడుం వాల్చేసరికి అర్ధరాత్రి. మళ్ళీ బూర.

ఈ దినచర్యలో విశ్రాంతి ఎక్కడుందని వెతికితే ఒకటి కనపడుతుంది. తోట యజమాని పనిగంటల లెక్క కాటా దగ్గర ముగిసిపోతుంది. మనిషి మర్నాడు మళ్ళీ పనికి లేవాలంటే కావలసిన వంట, విసురు, ఉతుకు, పిల్లల సాకుడు ఆ లెక్కలోకి రావు. వాటికి దక్కేది నిద్రలోంచి కోసుకున్న సమయమే.

వరి పొలాల గుత్త పద్ధతి దీనికంటే నయమని అప్పట్లోనే పేరు. చాలా పనులకు రోజు కొలత పావు ఎకరం, అంటే పాతిక సెంట్లు. తెలంగాణ లెక్కలో పది గుంటలు. గట్టి మనిషైతే సాయంత్రం కాకముందే ముగించుకోగలడు. మిగిలిన వేళలో సొంత పెరట్లో కూరగాయలు వేసుకోవచ్చు, కోళ్ళు పెంచుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. కొన్ని తరాలు గడిచాక ఈ కొలత ఒక ఆనవాయితీగా గట్టిపడింది. యజమాని ఇష్టమొచ్చినట్టు పెంచబోతే గొడవలయ్యేవి. కానీ అదే పాతిక సెంట్లు ముసలివాళ్ళకూ, జ్వరం వచ్చినవాళ్ళకూ పొద్దుగూకినా తెమలదు. పైగా పంట ఇంటికొచ్చాక దంపుడు ఉండేది. మరలు రాకముందు ఆ ధాన్యమంతా రోటిలో రోకలితో దంచినదే. పొలం పని అయ్యాక చీకట్లో దంపుడు, మళ్ళీ తెల్లవారుజామున దంపుడు. రోకటి పోటు ఎంత పనో మన అమ్మమ్మల తరం చెబుతుంది. వాళ్ళు దంచింది ఇంటికి సరిపడా బియ్యం. అక్కడ దంచింది ఓడలకెత్తే బియ్యం.

చెరకు తోటల్లో కోత మొదలైతే ఈ తేడాలేవీ మిగలవు. నరికిన చెరకు ఆగదు, రసం పులుస్తుంది. లూసియానాలో మంచు భయం కూడా ఉంది. అందుకని అక్టోబరు నుంచి ఏడాది చివరిదాకా, ఒక్కోసారి జనవరిలోకి కూడా, గానుగలు రాత్రింబవళ్ళు తిరిగేవి. ఆ రోజుల్లో ఆదివారం కూడా మామూలు రోజే.

ఇక చట్టాలు. ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ 1685లో తన వలసల కోసం తెచ్చిన బానిస శాసనం, ఆదివారాలూ చర్చి పండగల నాడూ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రిదాకా పని చేయించకూడదంది. అదే శాసనంలో ఇంకో నిబంధన ఉంది. బానిసకు వారంలో ఒక రోజు వదిలేసి, "నీ తిండి నువ్వే చూసుకో" అని యజమాని చేతులు దులుపుకోకూడదట. నా దృష్టిలో మొత్తం శాసనంలో ఎక్కువ నిజం చెప్పే వాక్యం ఇదే. అలా చేతులు దులుపుకునేవాళ్ళు లేకపోతే ఆ నిబంధన రాయాల్సిన అవసరమే ఉండదు కదా.

ఇంగ్లిషు వలస సౌత్ కరోలినా 1740లో చేసిన చట్టం వెనక కథ వేరు. అంతకు ముందు ఏడాది, 1739 సెప్టెంబరు 9న, స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. అది ఆదివారం. తెల్లవాళ్ళు చర్చిలో ఉండే రోజు, బానిసల మీద నిఘా కాస్త సడలే రోజు. ఆయుధాల దుకాణం మీద పడి తుపాకులు తీసుకుని, స్పానిష్ ఫ్లోరిడా వైపు దక్షిణంగా కదిలారు. అక్కడికి చేరితే స్వేచ్ఛ దొరుకుతుందని వాళ్ళ ఆశ. ఆ తిరుగుబాటును నెత్తుటిలో ముంచాక వచ్చిన చట్టం, బానిసలు గుంపులుగా కూడటాన్ని, రాత నేర్చుకోవడాన్ని నిషేధించింది. అందులోనే పనిగంటలకు హద్దు కూడా పెట్టింది. మార్చి 25 నుంచి సెప్టెంబరు 25 దాకా రోజుకి 15 గంటలు, మిగతా ఆరు నెలలూ 14 గంటలు మించకూడదు. ఆదివారం పని చేయిస్తే ఐదు పౌండ్ల జరిమానా.

పదిహేను గంటలు అనేది గరిష్ఠ పరిమితి! అంతకన్నా ఎక్కువ చేయించేవాళ్ళు బాగా ఉన్నారు కాబట్టే ఆ అంకె చట్టంలోకి ఎక్కింది. మరీ అలిసిపోతే మళ్ళీ తిరగబడతారన్న భయం దాని వెనక ఉంది. సరే, ఆ పరిమితి దాటితే ఫిర్యాదు చేసేదెవరు? తెల్లవాడికి వ్యతిరేకంగా బానిస ఇచ్చే సాక్ష్యం కోర్టులో చెల్లదు. పక్క తోట యజమాని వచ్చి ఫిర్యాదు చేయాలి. అతని తోటలోనూ అవే గంటలు.

ఇప్పుడు ఆదివారం దగ్గరికి వద్దాం. జమైకాలో తోట యజమానులు బానిసలకు తిండి పెట్టడం కన్నా, కొండవాలుల్లో చెరక్కి పనికిరాని నేల ఇచ్చి పండించుకోమనడం చవకని ఎప్పుడో తేల్చుకున్నారు. ఆ నేల గుడిసెలకు మైళ్ళ దూరం. అక్కడ పెండలం, అరటి, కూరగాయలు పండించాలి. పండించడానికి ఉన్నది ఆదివారం, దానికి తోడు గానుగ ఆడని నెలల్లో ఎప్పుడో ఒక శనివారం. మిగిలిన పంట అమ్ముకోవడానికి సంత జరిగేదీ ఆదివారమే. నెత్తిన గంప పెట్టుకుని సంతకు నడిచే ఆడమనిషిని చూసి "సెలవు రోజు" అనగలమా? ఆమె చేస్తున్నది యజమాని ఖర్చును తన కాళ్ళతో, తన నెత్తితో మోయడం.

అయినా ఆ గంపలోది ఆమెది. ఈ రెండో ముఖం కూడా చూడకపోతే వాళ్ళకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. ఆ సంతలో బేరం ఆడింది ఆమె, వచ్చిన చిల్లర కొంగున ముడేసుకుంది ఆమె. లూసియానాలో ఆదివారం పని చేయిస్తే కూలి ఇవ్వడం ఆనవాయితీ అని నార్తప్ రాశాడు. బానిసకు యజమాని కత్తి ఇవ్వడు, కంచం ఇవ్వడు, వంటకు గిన్నె కూడా ఇవ్వడు. ఆదివారాలు చెమటోడ్చి సంపాదించిన పైసలతో ఒక కెటిల్, ఒక చాకు కొనుక్కుంటే అదే సంసారం. వారంలో ఆరు రోజులు దేశానికంతా పత్తి ఏరిచ్చిన మనిషి, ఏడో రోజు పని చేస్తే గానీ అంబలి కాచుకునే గిన్నెకు నోచుకోడు.

పొలాల్లో వాళ్ళ కన్నా ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు సుఖపడ్డారని ఒక అభిప్రాయం ఉంది. పనిగంటల విషయంలో అది తప్పు. వంటమనిషికి ఆదివారం అంటే రెట్టింపు చాకిరీ. ఆ రోజే విందు, ఆ రోజే చుట్టాలు. నార్త్ కరోలినాలో బానిసగా పెరిగిన హ్యారియెట్ జేకబ్స్ తన యజమానురాలి గురించి రాసింది. ఆదివారం భోజనం చెప్పిన వేళకు రాకపోతే ఆవిడ వంటింట్లోకి వచ్చి నిలబడేది. గిన్నెల్లోది వడ్డించేదాకా ఆగేది. తర్వాత ఖాళీ గిన్నెలన్నిటిలోనూ ఉమ్మేసేది. అడుగున మిగిలిన ముద్ద, మాడు, వంటామె గానీ ఆమె పిల్లలు గానీ తినకూడదని. చర్చి నుంచి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం జరిగేది ఇది.

బాలింతల సంగతి ఇంకా గుండె పిండేస్తుంది. ఇంగ్లండు నటి ఫ్యానీ కెంబుల్ 1838-39 చలికాలంలో భర్త తోటలున్న జార్జియాకు వెళ్ళింది. ఆమె దగ్గరికి ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి అడిగిన కోరిక ఏమిటో తెలుసా? కాన్పు అయ్యాక మూడు వారాలకే మళ్ళీ పార పట్టుకోమంటున్నారమ్మా, నాలుగు వారాలు ఇప్పించమని. ఒక్క వారం. ఆమె భర్తకు చెప్పింది. ఇలాంటి విన్నపాలు ఇక తన దాకా తేవద్దన్నాడాయన. సౌత్ కరోలినా గవర్నరుగా చేసిన జేమ్స్ హెన్రీ హ్యామండ్ తన తోటకు రాసుకున్న నియమాల్లో, చంటిబిడ్డ తల్లి పాలిచ్చి రావడానికి ఎంతసేపు పట్టాలో కూడా ఉంది: ఒక్కోసారికి 45 నిమిషాలు. బిడ్డకు ఎనిమిది నెలలు నిండేదాకా రోజుకు మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు. ఏ పూట పాలు మాన్పించాలో తోట లెక్కే నిర్ణయించింది.

ఇంత ఒరిపిడిలో దొరికిన ఖాళీ వేళను వాళ్ళు ఎలా వాడుకున్నారో చూస్తే తల వంచాలనిపిస్తుంది. డగ్లస్ జీవితంలోనే రెండు రకాల ఆదివారాలున్నాయి. పొగరు అణచడానికి పెట్టింది పేరైన ఒక రైతు దగ్గర పదహారేళ్ళ వయసులో ఏడాది పాటు ఉన్నాడు. అప్పుడు ఆదివారమంతా ఒక చెట్టు కింద నిద్రకీ మెలకువకీ మధ్య పశువులా పడి ఉండేవాణ్ణన్నాడు. తర్వాత ఇంకో చోటికి మారాడు. అక్కడ పని కాస్త ఒంటికి పట్టేలా ఉంది. అంతే, ఆదివారం బడి పెట్టాడు. నలభై మందికి పైగా వచ్చి చదువు నేర్చుకున్నారు. పట్టుబడితే దెబ్బలని తెలిసీ వచ్చారు. ఒంట్లో ఓపిక మిగలనిస్తే ఆ ఓపికతో మనిషి ఏం చేస్తాడో యజమానులకు బాగా తెలుసు. అందుకే మిగలనిచ్చేవారు కాదు. న్యూ ఆర్లీన్స్‌లో ఆదివారం డప్పులతో ఆటపాటలు జరిగేవి. 1817లో నగరపాలకులు వాటిని ఒకే ఒక్క మైదానానికి కట్టడి చేశారు. ఆ మైదానమే కాంగో స్క్వేర్.

క్రిస్మస్ సెలవుల మీద డగ్లస్ చేసిన విశ్లేషణను మించింది నేను చదవలేదు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా పని ఉండదు. బుద్ధిమంతులు కొందరు చీపుర్లు, చాపలు, బుట్టలు అల్లుకునేవారు. యజమానులకు అది నచ్చేది కాదు. తాగమనేవారు. ఎవరి మనిషి ఎక్కువ తాగుతాడో పందేలు కాసేవారు. ఒళ్ళు తెలియకుండా తాగించి, స్వేచ్ఛ అంటే ఇదేననీ, దీనికన్నా పనే నయమనీ అనిపించి మళ్ళీ పొలంలోకి తోలడం. లోపల మరిగే కోపాన్ని ఆవిరిలా వదిలేసే రంధ్రాలు ఈ సెలవులని, ఇవే లేకపోతే బానిసలు తిరగబడి ఉండేవారని ఆయన తేల్చి చెప్పాడు.

ఆ వారం చివర కాచుకుని ఉండేది జనవరి 1. అది బానిసలను ఏడాదికి అద్దెకిచ్చే రోజు. ఎవరు ఎవరింటికి పోవాలో, ఏ తల్లి ఏ బిడ్డకు దూరం కావాలో ఆ రోజే తేలేది. మర్నాటికల్లా కొత్త యజమాని గుమ్మంలో ఉండాలి. పండగ వారమంతా ఆ రోజు తలుచుకుని కూర్చున్న తల్లులను జేకబ్స్ చూసింది.

బానిసత్వం నుంచి తను పారిపోయి, మిగతావాళ్ళను తప్పించడానికి మళ్ళీ మళ్ళీ వెనక్కి వచ్చిన హ్యారియెట్ టబ్‌మన్ 1854 క్రిస్మస్‌కి మేరీలాండ్‌కి వచ్చింది కూడా అలాంటి ఒక గడువు మీదే. ఆమె ముగ్గురు అన్నదమ్ములను పండగ మర్నాడు వేలం వేయబోతున్నారు. సెలవు రోజుల్లో కనపడకపోతే చుట్టాలింటికి పోయుంటారనుకుంటారు, వెంటనే వెతకరు. తల్లిదండ్రుల ఇంటి పక్కన మేత కొట్టంలో దాక్కున్నారు. తల్లి కొడుకులొస్తారని పండగ వంట చేసి ఎదురుచూస్తోంది. ఆమెకు తెలిస్తే ఏడుపు ఆపుకోలేదని చెప్పలేదు. కొట్టం సందుల్లోంచి అమ్మను చూసుకున్నారు. తండ్రికి తెలుసు. ఆయన అన్నం తెచ్చి పెట్టాడు, కళ్ళకు గుడ్డ కట్టుకుని. రేపు అడిగితే, "నా కొడుకులను కళ్ళతో చూడలేదు" అని అబద్ధం లేకుండా చెప్పాలని. కళ్ళకు గుడ్డతోనే కొంత దూరం సాగనంపి వెనక్కి తిరిగాడు.

జమైకాలో క్రిస్మస్ సెలవులు ఏకంగా సమ్మెగా మారాయి. 1831లో శామ్యూల్ షార్ప్ అనే బాప్టిస్టు బోధకుడు, తనూ బానిసే, సెలవులు అయ్యాక కూలి ఇస్తే తప్ప పనిలోకి దిగవద్దని గుట్టుగా ప్రచారం చేశాడు. డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ తోట అంటుకుంది. అరవై వేల మంది దాకా కదిలారని అంచనా. మూడు వందల మందికి పైగా మరణశిక్షలు పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. షార్ప్‌ను 1832 మేలో ఉరితీశారు. మరుసటి ఏడాది బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వ రద్దు చట్టం చేసింది.

రద్దయ్యాక పనిగంటల పోరు ఆగిందా అంటే లేదు. 1834 ఆగస్టు 1 నుంచి పాత బానిసలు "అప్రెంటిస్"లయ్యారు. వారానికి నలభైన్నర గంటలు పాత యజమానికి ఉచితంగా పని చేయాలి, మిగతాది వాళ్ళ సొంతం. యజమానులు ఆ నలభైన్నరనే ఆయుధం చేసుకున్నారు. రోజుకి తొమ్మిది గంటల లెక్కన చేయిస్తే నాలుగున్నర రోజుల్లో అయిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మనిషి కొండ మీది తన తోటకు వెళ్ళి, పంట కోసుకుని, శనివారం సంతకు దిగొచ్చు. కక్ష ఉన్న యజమాని రోజుకి ఎనిమిది గంటలే చేయిస్తాడు. చూడ్డానికి తేలిక పని. కానీ శుక్రవారం సాయంత్రం దాకా కట్టేసినట్టే, సంత పోయినట్టే. గంటలు అన్నే, బతుకు మాత్రం తారుమారు. 1838 ఆగస్టుతో ఈ ఏర్పాటు కూడా పోయింది.

మనవాళ్ళు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. హిందూ మహాసముద్రంలో అదే బ్రిటిష్ చట్టం కింద ఉన్న మారిషస్ దీవిలో అప్రెంటిస్ కాలం 1835లో మొదలై 1839లో ముగిసింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే అక్కడి చెరకు తోటలకు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను దింపారు. గోదావరి తీరాన కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళకు అక్కడ "కోరంగీలు" అనే పేరే స్థిరపడింది. వాళ్ళు బానిసలు కారు. ఒప్పందం ఉంది, గడువు ఉంది, కూలి ఉంది, పిల్లలను అమ్మేసే వీలు ఎవరికీ లేదు. ఈ తేడాను చెరపకూడదు. కానీ వాళ్ళు దిగిన తోటల్లో గంట కొట్టే వేళ, పని కొలిచే పద్ధతి పాతవే. ఒక్కరోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాన్ని "డబుల్ కట్" అనేవారు. జ్వరం తగ్గి లేచిన మనిషి, మంచాన పడిన రోజులకు తోడు పని చేసిన రోజులనూ పోగొట్టుకునేవాడు. ఆదివారం సెలవు రోజే. అయితే పొద్దున్నే ఎస్టేటుకు వెళ్ళి పశువుల కొట్టాలు ఊడ్చి, మేత వేసి రావాలి. దానికి కూలి లేదు. ఆ పేడ కడుక్కుని ఇంటికొచ్చాకే కోరంగి మనిషికి ఆదివారం మొదలయ్యేది.